సుట్టాల పిల్ల

కంపెనీ గేటు కాన్నుంచి నన్ను తిప్పి పంపిన రోజు నేను మా అమ్మ మీదికి చెప్పు విసిరిన.

ఆమెకు తగలలే. వాకిట్ల కూసోని బియ్యంల రాళ్లు ఏరుతున్నది. చెప్పు పోయి చాటకు తగిలి సగం బియ్యం నేల పాలైనయి. ఆమె అడిగింది ఒక్కటే మాట, "ఏమాయె బిడ్డా?" అని.

"పదో తరగతి మెమో అడిగిన్రు. నాకాడ యాడున్నది? ఆరో తరగతిలనే నా నడుముకు సంచి కట్టి తోటకు తోలినవ్ గదా. మెమోకు బదులు ఆ సంచి సూపెట్టాల్నా వాళ్లకు?"

మా అమ్మ నేల మీది బియ్యం ఒక్కొక్క గింజ ఏరుకుంట కూసున్నది. నా దిక్కు సూడను సుత సూడలే. అట్ల సూడకపోతె నాకు ఇంకింత మండింది. బువ్వ తినకుంట పోయి పన్న.

నా పేరు త్రివేణి. ఇరవై ఏండ్లు. మాది ఇబ్రహీంపట్నం పక్కన చిన్న ఊరు. కొంగరకలాన్‌ల కొత్త కంపెనీ పడ్డంక మా ఊరి ఆడపిల్లలు మస్తుమంది పనికి పోతున్నరు. బడిల నా ఎనక బెంచీల కూసున్న పిల్ల సుత మెడల కార్డు ఏసుకొని పొద్దుగాల బస్సెక్కుతది. నా చదువు ఆరో తరగతి సగంల ఆగింది. మా బాపు లారీ మీద పోయి మల్ల రాలే. సచ్చిండో బతికిండో ఎరుక లేదు. ఆ ఏడే మా అమ్మ నన్ను రామచంద్రయ్య పటేలు చామంతి తోటకు తోలింది. ఆరేండ్లు తెంపిన. పదిహేడు దాటినంక ఆయనే వద్దన్నడు. పెద్దోళ్లైతే పువ్వు తెంపనీకె వంగాలె, గంటకోపారి నడుము పట్టుకొని నిలవడుతరు. పొట్టి పిల్లలకు ఆ తిప్పల లేదు. చిన్న చేతుల ఏళ్లు మొగ్గను నలపవు. పిల్లలు ఎదురు మాట్లాడరు. గందుకే పిల్లలు కావాలె ఆయనకు.

మా అమ్మ పేరు యశోద. నాలుగేండ్ల సంది మా ఊరి బడిల పగటి బువ్వ వండుతది.

నేను చెప్పు విసిరిన మూడో నాడు, బేస్తవారం, బడి కాన్నుంచి మా అమ్మ ఫోను చేసింది. "ఆటో తీస్కొని ఉరికిరా" అన్నది. పోయేసరికి వంట గది ముందట భవాని పండుకోబెట్టి ఉన్నది. సుక్కమ్మ బిడ్డ, పన్నెండేండ్లు. కండ్లు ఎర్రగైనయి, నోట్లకెళ్లి సొంగ కారుతున్నది, బట్టల నిండ కక్కుకున్నది. చేతులు పచ్చగ, జిగటగ ఉన్నయి. ఆ వాసన నాకు ఎరుకే. చామంతి పసరు, దాని మీద పురుగుల మందు.

భవాని ఏడో తరగతి, పేరుకు మాత్రం. పొద్దుగాల తోటల ఉంటది, బువ్వ గంట కొట్టినంక బడికొస్తది, తిని మల్ల తోటకే పోతది. హాజరు పుస్తకంల దినాం వచ్చినట్టే ఉంటది. పూత కాలమొస్తె గట్ల పదకొండు మంది ఆడపిల్లలు. హెడ్మాస్టరు పరమేష్ సారు అందరికీ టిక్కు పెడతడు. పిల్లలు తగ్గితె బడి ఎత్తేస్తరని ఆయన భయం. మా అమ్మకు ఇదంత ఎరుకే. వండే మనిషికి తెలువదా ఎవలు బడిల చదువుతున్నరో, ఎవలు తిననీకె మాత్రమే వస్తున్నరో. నాలుగేండ్లు నోరు మూసుకున్నది.

ఆ దినం పరమేష్ సారు కారు చెట్టు కిందనే ఉన్నది. మా అమ్మ అడిగింది. ఆయన చెయ్యి ఊపిండు.

"జర ఆలోచించు యశోదా. దవాఖానకు తీస్కపోతె ఏం తిన్నది, యాడ తిన్నది అని అడుగుతరు. బడి అన్నం తిన్నంక కక్కుకున్నదంటె ముందుగాల నీ మీదికే వస్తది. ఇంటికి పంపు. మజ్జిగ తాపితె తగ్గుతది."

మా అమ్మ ఆయన మొకం దిక్కు ఒక్కపారి సూసి, పిల్లను ఎత్తుకొని ఆటోల కూసున్నది.

ఇబ్రహీంపట్నం దవాఖానల డాక్టరమ్మ భవాని చేతులు వాసన సూసింది. "ఏం మందు కొట్టిన్రు? ఎప్పుడు కొట్టిన్రు?" అని అడిగింది. "నిన్న పొద్దుమీకి" అన్నది భవాని సన్నగ. "కొట్టిన తెల్లారే చేన్ల దిగిందా ఈ పిల్ల? మీరు మనుషులేనా?" అని డాక్టరమ్మ మమ్ములనే తిట్టింది. మేము తిట్లు పడుకుంట నిలవడ్డం. సెలైను సగమైనంక సుక్కమ్మ ఉరికొచ్చింది. బిడ్డ దిక్కు సూసినంక మా అమ్మ దిక్కు తిరిగి, "నీ బువ్వల ఏం కలిపినవే?" అన్నది.

"నా బువ్వల కాదు సుక్కమ్మా. తోటల మందు."

"పదిమంది పిల్లలు తోటల ఉన్నరు. నా బిడ్డకొక్కదానికే అయిందా? నువ్వు పెట్టిందే తిన్నది. దీనికేమన్న అయితె నిన్ను ఇడిసిపెట్ట."

సుక్కమ్మ మొగడు కిష్టా ప్లాట్ల వెంచర్ల గోడ కడుతుంటె కింద పడ్డడు. ఐదు నెలల సంది కాలు కదలదు. ఇంట్ల సంపాయించేది ఆ తల్లీబిడ్డలే. అది నాకు ఎరుకే, మా అమ్మకు ఎరుకే. అయినా ఆ మాట అన్నప్పుడు సుక్కమ్మ నోటి మీద కొట్టాలనిపిచ్చింది నాకు.

భవానికి నెమ్మదైనంక మా అమ్మ ఇంటికి పోలే. సక్కగ తోటకు పోయింది. నేను ఎనకనే పోయిన. ఎందుకు పోయిన్నో ఇప్పటికీ చెప్పరాదు. లొల్లి సూడనీకెనేమో.

రామచంద్రయ్య షెడ్డు ముందట నిలవడి పువ్వు బస్తాలు గుడిమల్కాపూర్ పువ్వుల మార్కెట్‌కు పోయే బండిల ఎక్కిస్తున్నడు. తెల్లంగి, చేతిల ఫోను. మా అమ్మ ఆయన ముందటికి పోయి నిలవడ్డది.

"మందు కొట్టిన తెల్లారే పిల్లలను దింపుతవా పటేలా?"

"ఎవల పిల్లలను?" ఆయన బండి మీదికెళ్లి సూపు తియ్యలే. "వాళ్ల తల్లిదండ్రులు తోలితె వచ్చిన్రు. నేనేమన్న ఇంటింటికి పోయి గుంజుకొచ్చిన్నా?"

"చేసుకునేటోళ్లు పెద్దోళ్లు లేరా ఊర్ల?"

గప్పుడు తిరిగిండు. "ఏమే యశోదా, నువ్వు నీ బిడ్డను తోలినప్పుడు నేను మందు కొట్టలేదా? గప్పుడు లేని నోరు ఇప్పుడు యాన్నుంచి వచ్చింది? బడికి ఫ్యాన్లు ఎవలు పెట్టిచ్చిన్రు? నీళ్ల మిషను ఎవలు పెట్టిచ్చిన్రు? నువ్వు వండే గది మీద రేకులు ఎవలేపిచ్చిన్రు? ఇగో, నీ బిడ్డ పక్కకే ఉన్నది. అడుగు. ఆరేండ్లు దాని కడుపు నింపిన."

నా దిక్కు సూసిండు. ఆయన చెప్పిందాంట్ల అబద్ధం ఏమున్నది? నన్ను తోలింది మా అమ్మనే.

ఇంటికి మలిగినంక తొవ్వల మా అమ్మ నన్ను ఫోను అడిగింది. "పిల్లల నంబరు ఉంటది గదా, బడి గోడ మీద రాసింది. పది తొమ్మిది ఎనిమిది. కలిపి ఇయ్యి."

"నేను కలప. నీకంత కడుపు మండితె నువ్వే కలుపుకో. నన్ను తోలిన్నాడు ఆ నంబరు గోడ మీద లేకుండెనా?"

ఆమె తన చిన్న ఫోనుల ఒక్కొక్క అంకె ఒత్తింది. తొవ్వ పక్కన నిలవడి పేర్లు చెప్పింది, పదకొండు మందివి. తన పేరు సుత దాయలే.

సోమారం పొద్దుగాల లేబర్ ఆఫీసు మేడం, ఇద్దరు మనుషులు, ఒక పోలీసాయన జీపుల వచ్చిన్రు. మా అమ్మను తోటకు పిలిపిచ్చిన్రు. ఊరికి అప్పటికే ఎరుకైంది, అందరు తోట గట్టు మీద జమైన్రు. జీపు చప్పుడు ఇని పిల్లలందరు పక్క మక్క చేన్లకు ఉరికిన్రంట. భవాని ఒక్కతి ఉరకలేకపోయింది. నాలుగు దినాల కింద సెలైను పెట్టిన పిల్ల, నడుముకు సంచితోని నిలవడి ఉన్నది.

"ఎవరీ అమ్మాయి?" అన్నది మేడం.

"మా సుట్టాల పిల్ల మేడం," అన్నడు రామచంద్రయ్య. నవ్విండు సుత. "మా దూరపు మేనకోడలి బిడ్డ. ఇంటోళ్ల పని గదా, బడి లేనప్పుడు సరదాకు రెండు పువ్వులు తెంపుతది. కూలి గీలి ఏం లేదు."

"ఇయ్యాల బడి ఉన్నది గదా?"

"కడుపు నొయ్యవట్టి పోలే మేడం," అన్నడు రామచంద్రయ్య. పరమేష్ సారు హాజరు పుస్తకం తెచ్చి మేడంకు సూపిచ్చిండు. "చూడండి, ఇయ్యాల తప్ప అన్ని దినాలు హాజరే. మంచిగ చదువుతది."

మేడం సుక్కమ్మను అడిగింది. సుక్కమ్మ కొంగు నోటికి పెట్టుకొని, "అవ్ మేడం, సుట్టాలే. మాకు ఆయన మామ అయితడు" అన్నది. భవానిని అడిగింది. ఆ పిల్ల రామచంద్రయ్య దిక్కు, తల్లి దిక్కు సూసి, "తాత" అన్నది.

గట్టు మీద మంది మా అమ్మ మీద పడ్డరు. "కండ్లల్ల నిప్పులు పోసుకునేది" అని ఒకామె. "బడి మూపిచ్చి ఏం బాగుపడతదో" అని ఇంకొకాయన. రామచంద్రయ్య చేతులు ఎనకకు కట్టుకొని నిమ్మలంగ నిలవడ్డడు. మేడం మా అమ్మను అడిగింది, "మీరు చెప్పినదానికి సాక్ష్యం ఏమన్న ఉన్నదా అమ్మా?"

మా అమ్మ గట్టు మీది మంది దిక్కు సూసింది, ఒక్కలు సుత ముందటికి రాలే. నేను గట్టు మీదనే ఉన్న. ఒక్క నిమిషం నాకు మంచిగనే అనిపిచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలె. పడనియ్యి అనుకున్న. నేను పడ్డ గదా.

గప్పుడు భవాని చెయ్యి సూసిన. సంచి ముడి ఇప్పుకునేదానికి సూస్తున్నది, ఏళ్లు జిగటగుండి ముడి రాట్లేదు. నేను గట్టు దిగిన.

"మేడం, నేను సుత ఈయనకు సుట్టాన్నే."

అందరు నా దిక్కు తిరిగిన్రు.

"నాకు పన్నెండేండ్లప్పుడు గిట్లనే ఒక సారు జీపుల వచ్చిండు. గప్పుడు నేను సుత ఈయన మేనకోడలి బిడ్డనే. 'తాత అను, బిస్కెట్ పుడ ఇస్త' అన్నడు. అన్న. పోయిన ఏడు ఈయన మనుమరాలి పెండ్లాయె. శేరిగూడ కాడ పెద్ద హాల్ల చేసిండు. ఈ భవానిని పిలిసిండా? సుక్కమ్మను పిలిసిండా? అడుగున్రి. ఈయనకు ఈ ఊర్ల పదకొండు మంది మనుమరాండ్లు ఉన్నరు మేడం. ఆ మక్క చేన్ల దాసుకున్నరు. అందరు తాత అనే అంటరు."

"ఏయ్, నోరు ముయ్యి!" అన్నడు రామచంద్రయ్య. "తిన్న ఇంటికే—"

"తినలే. చేసిన. బడికి పోకుంట చేసిన. నేను బడిల లేనప్పుడు సుత పరమేష్ సారు నాకు టిక్కులు పెట్టిండు. పాత పుస్తకాలు తీసి సూడున్రి మేడం, నేను ఎనిమిదో తరగతి దాక చదివినట్టుంటది. నేను ఎనిమిదో తరగతి గది లోపలికి సుత పోలే." మా అమ్మ దిక్కు ఏలు సూపిన. "నన్ను తోలింది గీమెనే. మా అమ్మ. అందరి పేర్లు రాసేటట్టైతె గీమె పేరు సుత రాయున్రి."

నేను గట్ల అంటె ఆమె ఏడుస్తదనుకున్న. ఏడవలే. ముందటికి వచ్చి నా పక్కన నిలవడ్డది. "అవ్ మేడం. నా బిడ్డను నేనే తోలిన. రాసుకోన్రి. నలభై మంది పిల్లలు బడిల ఉన్నట్టు బువ్వ లెక్కల రాస్తరు. పొద్దుగాల బడిల ఉండేది ఇరవై తొమ్మిది. నాలుగేండ్లు నేను దానికింద సంతకం పెట్టిన. అది సుత రాసుకోన్రి."

తన తప్పు తానే ఒప్పుకున్నంక ఆమెను అబద్ధాల మనిషి అననీకె ఎవలకూ నోరు రాలే. మేడం పోలీసాయనను మక్క చేన్లకు పంపింది. ఒకలెనక ఒకలు పది మంది పిల్లలు బయటికొచ్చిన్రు. ఒక పిల్ల తొమ్మిదేండ్లది, మక్క ఆకులు కోసి చెంపల మీద గీతలు పడ్డయి. మేడం మోకాళ్ల మీద కూసోని ఒక్కొక్కరి చేతులు తిప్పి సూసింది. సుట్టరికం గురించి మల్ల ఎవలనూ అడగలే.

రామచంద్రయ్య మీద కేసు పెట్టిన్రు. పరమేష్ సారుకు పైనుంచి నోటీసు వచ్చింది. ఊరు మాత్రం మా మీద కేసు పెట్టినట్టే చేసింది. వంట పని సూసే మహిళా సంఘం కూసోని మా అమ్మను తీసేసి ఇంకొకామెను పెట్టింది. పాలబ్బాయి మా ఇంటి ముందట బండి ఆపుడు మానిండు. కుళ్లిన చామంతులు ఎవలో బస్తాడు తెచ్చి మా గడప మీద పోసిన్రు. మా అమ్మ చాటల ఎత్తి పారబోసింది. నేను ఊరందరికి ఇనపడేటట్టు తిట్టిన.

గా వారంలనే చామంతి ఒక్కపారి ఇచ్చుకున్నది. బతుకమ్మ ఇంకా తొమ్మిది దినాలే ఉన్నది. పిల్లలు లేరు. రామచంద్రయ్య ఆడోళ్లకు కబురు పెట్టిండు. పిల్లలకు ఇచ్చిన సగం కూలే ఇస్త, వచ్చేటోళ్లు రాన్రి అన్నడు.

గా కబురు ఇన్నంక సుక్కమ్మ మా వాకిట్లకు వచ్చింది. "సూసినవా యశోదా? ఇద్దరం తెస్తుంటిమి, ఇప్పుడు ఒక్కదాన్నే, గదే సగం కూలి. నా మొగనికి మందులు నువ్వు తెస్తవా? నీ బిడ్డ సదువుకోలేదని మా బిడ్డల మీద పడ్డవ్."

"సగం కూలి ఎందుకు తీసుకుంటవ్?" అన్న నేను. "ఇన్నేండ్లు పిల్లలున్నరని మీకు తక్కువిచ్చిండు. మీరు ఎక్కువ అడిగితె పిల్లలను పిలిసిండు. ఇప్పుడు ఆయనకు తెంపేటోళ్లు ఎవలున్నరు?"

"పెద్ద తెలివి సూపిస్తున్నవ్."

మా పక్కింటి షహీన్ చిచ్చి, నాకు చిన్నమ్మ లెక్క, గోడ మీదికెళ్లి ఇంటున్నది. ఆమె ఇరవై ఏండ్ల సంది ఈ చుట్టుపక్కల పువ్వు తోటలల్లనే కూలికి పోతది. మాతోని పది దినాల సంది మాట లేదు. "జర ఆగు సుక్కమ్మా," అన్నది. "పిల్ల నోరు మంచిది కాదు గని లెక్క కరెక్టే. పువ్వు రెండు దినాలు తెంపకపోతె ఏమైతదో నీకెరుక, నాకెరుక, ఆయనకెరుక."

ఆ పొద్దుమీకి షహీన్ చిచ్చి ఇల్లిల్లు తిరిగింది. తెల్లారి ఒక్కతి సుత తోటకు పోలే. రామచంద్రయ్య మహేశ్వరం దిక్కుకెళ్లి ఆటోల కూలోళ్లను తెస్తనని ఫోన్లు కొట్టిండు. వాళ్లు పూర కూలితోపాటు ఆటో కిరాయి సుత అడిగిన్రు. మూడో నాటికి పువ్వు అంచులు నల్లవడవట్టినయి. ఆయనే షహీన్ చిచ్చి ఇంటి ముందటికొచ్చి నిలవడ్డడు. కోపంతోని మొకం ఎర్రగుండె.

"నన్ను ముంచనీకె అందరు కట్టగట్టుకున్నరు. అడుగున్రి, ఏం గావాలె?"

షహీన్ చిచ్చి అడిగింది. పెద్దోళ్ల కూలి పెద్దోళ్లకు. మందు కొట్టినంక మూడు దినాలు చేన్ల దిగేది లేదు. పద్నాలుగేండ్ల లోపు పిల్ల ఒక్కతి కనవడ్డా అందరు సంచులు ఇప్పి గట్టెక్కుతరు. "పక్క తోటలోళ్లకు సుత గిదే మాట చెప్తం పటేలా, నీకొక్కనికే కాదు" అన్నది. ఆయన కిందికి ఉమ్మిండు. సరే అన్నడు.

మా అమ్మ మంది ఎనకాల నిలవడ్డది. ముందటికి రమ్మని ఎవలూ అనలే.

దసరా సెలవులు అయినంక తొమ్మిది మంది బడికి పోయిన్రు. ఒక పిల్లను తల్లిదండ్రులు పట్నంల ఎవలింట్లనో పనికి పెట్టిన్రంట, మేడం ఆ పిల్ల కోసం ఇంకా దేవులాడుతున్నది. ఇంకొక పిల్లకు మ్యానమామ ఊర్ల బడి అన్నరు, నిజమో కాదో ఎరుక లేదు. పరమేష్ సారు ఇప్పుడు ఒక్క పిల్ల రాకపోయినా ఇంటికి పోయి వాకిలి కొడుతడు. పిల్లల మీద ప్రేమ పుట్టి కాదు, నౌకరి పోతదని. ఎట్లయితేంది, కొడుతడు. కేసు నడుస్తున్నది. బడి ఎత్తేస్తరని భయం ఉండనే ఉన్నది.

మొన్న బోరింగు కాడ భవాని ఎదురైంది. కొత్త బ్యాగు, రెండు జడలు. "మంచిగున్నవా?" అన్న.

"నీవల్లనే అందరు నన్ను దొంగ మనుమరాలు అంటున్నరు," అన్నది. "ఏడో తరగతి లెక్కలు నాకు ఒక్కటి సుత వస్తలేదు. అందరి ముందట నిలవెడుతరు. నీతోని మాట్లాడ నేను." బిందె నిండకముందే ఎత్తుకొని పోయింది.

నాకేం కోపం రాలే. ఆ ఈడుల నేనైతె రాయి తీసుకొని కొట్టేదాన్ని.

మా అమ్మ ఇప్పుడు ఆ తోటకే పువ్వు తెంపనీకె పోతది. పక్కన సాలుల సుక్కమ్మ ఉంటది, ఇద్దరికీ మాటల్లేవు. నిన్న పొద్దుమీకి వచ్చి నడుము పట్టుకొని గోడకు ఆనుకున్నది. నేను అడిగిన. తొమ్మిదేండ్ల సంది అడగని మాట.

"నన్నెందుకు తోలినవ్ అమ్మా?"

ఆకలి అంటదనుకున్న. బాపు పోయిండు, దిక్కు లేకుండె అంటదనుకున్న. ఆ మాటలన్ని నేనే తయారు పెట్టుకున్న, ఒక్కొక్కదానికి ఎదురు చెప్పనీకె.

"అందరు తోలిన్రు, నేను తోలిన," అన్నది. "పటేలు అడిగితె కాదనలేకపోయిన. నీ మొకం దిక్కు సూస్తె తోలబుద్ధి కాదని సూడకుంట తోలిన. తప్పు నాదే."

నేను మాఫ్ చేసిన అని చెప్పలే, చెయ్యలే గనక. బకెట్ల వేడినీళ్లు తోడి, సబ్బు తెచ్చి ఆమె ముందట పెట్టిన. ఆమె చేతులు కడుక్కోబట్టింది. పసరు జిడ్డు ఒక్కపారి కడిగితె పోదు. ఆమె రుద్దుకుంట కూసున్నది, నేను నీళ్లు పోసుకుంట నిలవడ్డ.